అంతోనమ్మ కెమెరా బేరం

దుమ్ముగూడెంలో అంతోనమ్మ చేతికి జాకెట్టు గుడ్డ ఇచ్చి అనుమానపడ్డ ఆడమనిషి లేదు. అనుమానమంతా అంతోనమ్మదే. గుడ్డ అందగానే ఓ మూల చిటికెడు ముక్క కత్తిరించి, ఇచ్చినవాళ్ల పేరు రాసిన చీటీకి గుండుసూదితో గుచ్చి దాచేది. రేపొద్దున వచ్చి "నేనిచ్చిన గుడ్డ ఇది కాదు, మార్చినవ్" అంటే మొహాన చూపించడానికి. పద్నాలుగేళ్లలో ఆ మాట ఒక్కరూ అనలేదు. అయినా ఆ ముక్కలతో రెండు రేకు డబ్బాలు నిండి, మూడోది సగానికి వచ్చింది.

గుడ్డతో ఆగితే బాగుండేది. పాలు పోయించుకుంటే చెంబులో వేలు ముంచి చూసేది. సంతలో ఉల్లిగడ్డలు తూస్తుంటే త్రాసు ముల్లు చూడదు, తూచేవాడి చిటికెన వేలు చూస్తుంది. చర్చిలో కానుక పళ్లెం తిరిగే వేళ అందరూ కళ్లు మూసుకుని ప్రార్థిస్తే, ఈమె ఒక కన్ను సగం తెరిచి పళ్లెం పట్టుకున్నవాడి చేతుల మీద పెట్టేది. ఆ సగం కన్నును దేవుడు క్షమించి ఉంటాడనే అనుకుందాం.

మొగుడు సవరయ్య వెదురు డిపోలో కాపలాదారు. ఎవరేం చెప్పినా "అవ్ గద" అనే రకం. కంచంలో కూర తగ్గితే పిల్లి తిన్నదంటే నమ్ముతాడు, ఇంట్లో పిల్లి లేకపోయినా. అతనెప్పుడైనా "అందర్నీ గట్ల దొంగల లెక్క చూస్తవేందే" అంటే అంతోనమ్మ దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది.

"ఇంట్ల ఇద్దరం నమ్మేటోళ్లమైతే ఈపాటికి కప్పు మీది తాటాకు గూడ పోయేది. నువ్వు నమ్ము. నేను చూస్త."

నిజానికి ఆమెకు ఈ గుణం పుట్టుకతో రాలేదు. తొమ్మిదేళ్ల వయసులో వచ్చింది. ఆ కథ ఆమె ఎంతమందికి ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు.

తల్లాడ దగ్గర పల్లె ఆమె పుట్టిల్లు. యాభై ఎనిమిదిలో ఓ రోజు ఆ ఊరికి బెజవాడ వైపు మనిషి ఒకడు సైకిలు మీద కెమెరా పెట్టెతో వచ్చాడు. ఇంటికి అర్ధరూపాయి బయానా తీసుకుని, పొద్దుటి నుంచి ఇల్లిల్లూ తిరిగి ఫోటోలు తీశాడు. అంతోనమ్మ తల్లి ఆరోగ్యమ్మ పొరుగింటి నుంచి అద్దం తెచ్చుకుని తల దువ్వుకుంది. కూతుర్ని ముందు నిలబెట్టి, ఆ పిల్ల తల మీద అరచెయ్యి ఆనించి, ఊపిరి బిగబట్టి కూర్చుంది. ఆ తర్వాత ఆ మనిషి పెద్దల ఇంట్లో భోజనానికి వెళుతూ కెమెరాను పందిట్లో మంచం మీద పెట్టాడు. అందరూ అన్నాల దగ్గర ఉన్నారు. పొద్దుటి నుంచి ఊరంతా ఆ డబ్బాలోకి ఎట్లా పోయిందా అని గింజుకుంటున్న పిల్ల, మెల్లగా వెళ్లి వెనక రేకు తలుపు తీసి చూసింది. లోపల మనుషులు లేరు. ఎర్ర కాగితం చుట్ట ఒకటి ఉంది. దాన్ని అటూ ఇటూ వదులు చేసి చూసింది. కాగితమే, ఇంకేం లేదు. మళ్లీ చుట్టి, తలుపు మూసి వచ్చేసింది.

నెలకు ఆ మనిషి తిరిగి వచ్చాడు, ఉత్త చేతులతో. "రీలంతా నల్లబడిపోయిందండీ. ఎలా పాడైందో నాకే తెలియడం లేదు. అందరూ మళ్లీ కూర్చోండి, ఈసారి పైసా తీసుకోను" అన్నాడు. ఊరు గొల్లుమంది. అప్పుడు పెద్దల మధ్యలోంచి ఈ పిల్ల ముందుకొచ్చి గొంతెత్తి చెప్పింది. "గీ మనిషి డబ్బాల రీలే లేదు. ఎర్ర కాగితమే ఉన్నది. నేను చూసిన."

ఆ మనిషి ఆమె వైపు తిరిగి, "ఎప్పుడు చూశావమ్మా? ఎలా చూశావు?" అని అడిగాడు. చిన్నపిల్లను బెదిరిస్తున్నాడని నలుగురు మీదికి పోయారు. బయానా డబ్బుల కింద కెమెరా గుంజుకుని ఊరి నుంచి వెళ్లగొట్టారు. సైకిలు మాత్రం వదిలేశారు, అదొక దయ. ఆ కెమెరాతో ఊరి పిల్లలు ఏడాది పాటు ఆడుకున్నారు, అంతోనమ్మ కూడా ఆడుకుంది. అద్దం ఊడిపోయాక దాని పెట్టెలో కోడిపెట్ట గుడ్లు పెట్టింది. మరుసటి వానాకాలం ఆరోగ్యమ్మ విషజ్వరంతో పోయింది. ఆమెకు ఫోటో లేదు.

"అడ్డమైనోడు ఒక్కడు కాగితం చుట్టి ఊరంతటిని మోసం చేసిండు. మా అమ్మ మొహం లేకుండ చేసిండు. పట్టుకున్నది ఎవరు? నేను. తొమ్మిదేండ్ల పిల్లను." కథ ఎప్పుడు చెప్పినా ఇక్కడ అంతోనమ్మ ఛాతీ కాస్త పొంగేది. ఆ దొంగను పట్టుకున్న రోజు నుంచి లోకంలో దొంగలు ఎక్కువైనట్టే ఆమెకు కనిపించారు. మనం వెతికేది మనకు దొరక్కపోదు కదా.

ఇలాంటి మనిషి కెమెరా కొనాల్సి రావడం విధి ఆడిన వేళాకోళమే.

ఎనభై ఆరులో భద్రాచలం బస్సు మెట్ల మీద కాలు జారి మోకాలు మెలితిరిగింది. దవాఖానాలో కట్టు కట్టి, నడవడానికి పర్వాలేదు గానీ కుట్టు మిషను తొక్కితే ఇక కాలు దక్కదని చెప్పారు. ఈ మాట మీద కూడా అంతోనమ్మకు అనుమానమే. ఒక నెల రహస్యంగా తొక్కి చూసింది. మోకాలు గుమ్మడికాయంత అయ్యాక నమ్మింది.

మిషను లేని దర్జీ ఏం చేయాలి? అప్పటికి మండలాఫీసు కొత్తగా వచ్చింది. లోనుకు ఫోటో, పట్టా కాగితానికి ఫోటో, పిల్లల్ని హాస్టల్లో చేర్చాలన్నా ఫోటో. అడవి పల్లెల నుంచి ఆడవాళ్లు రోజు కూలి పోగొట్టుకుని భద్రాచలం దాకా పోవాలి. పోయినా, స్టూడియోలో పరాయి మగాడు గడ్డం పట్టుకుని మొహం పక్కకు తిప్పుతాడు. "గందుకే నేను లోను వద్దన్న అక్కా" అని తండా మనిషి రూప్లి ఒకసారి జాకెట్టు కొలతలిస్తూ చెప్పింది. ఆ మాట అంతోనమ్మ చెవిలో ఉండిపోయింది. జాకెట్టు కొలతకు తన ముందు సిగ్గుపడని ఆడవాళ్లు ఫోటోకు మాత్రం ఎందుకు సిగ్గుపడతారు?

మిషను చిన్నక్క కొనుక్కుంది. చిన్నక్క పక్కింటి పిల్ల, అంతోనమ్మ దగ్గరే పని నేర్చింది. ఆ డబ్బు తప్ప అంతోనమ్మ దగ్గర వేరే దారి లేదు. కెమెరా మంచిదైతే బతుకు, చెడిందైతే వెదురు డిపోలో మోపులు కట్టడమే. ఆ మోకాలితో అదీ కుదరదు.

సవరయ్యకు వేరే భయం. "అడవిల కెమెరా పట్టుకొని తిరిగితే పోలీసోళ్లు ఒక తీరుగ జూస్తరు, అడవి లోపలి అన్నలు ఇంకో తీరుగ జూస్తరు. ఆలోచించినవా?"

"చూడనియ్యి. నేనూ వాళ్లను చూస్త" అంది అంతోనమ్మ.

ముందు ఖమ్మం పోయింది. అక్కడ దుకాణంలో రెండు చూపించారు. ఒకటి చతురస్రంగా ఉన్న పెట్టె కెమెరా. చవక. మబ్బు పడితే బొమ్మ రాదని దుకాణదారే చెప్పాడు. దాచకుండా చెప్పాడంటే ఇంకేదో పెద్దది దాస్తున్నాడని ఈమె లెక్క. రెండోది అరచేతిలో పట్టే నల్ల ప్లాస్టిక్కుది, చూడ ముచ్చటగా ఉంది. చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల ఏదో కదిలినట్టయింది. "అది ఊపే వస్తువు కాదమ్మా" అన్నాడు దుకాణదారు. ఊపొద్దన్న వస్తువు కొనకూడదని నిశ్చయించి బస్సెక్కింది.

చివరకు భద్రాచలం పిచ్చయ్య స్టూడియో. పిచ్చయ్యకు అరవై దాటాయి, కొడుకు రంగుల కెమెరా కొన్నాక పాతది అమ్మకానికి పెట్టాడు. తోలు పెట్టెలోంచి తీసి కౌంటరు మీద నిలబెడితే, రెండు కళ్ల కెమెరా అది. ఒకదాని కింద ఒకటి రెండు అద్దాలు.

"రెండెందుకన్నా? ఒకటి చెడిపోతే ఇంకోటి పెట్టించినవా?" అంది అంతోనమ్మ.

పిచ్చయ్య నవ్వలేదు. "పైది మనం చూడనీకి, కిందది ఫోటో తియ్యనీకి. నెత్తిన మూత తీసి లోపలికి తొంగిచూడు చెల్లె."

చూసింది. లోపల చిన్న అద్దం మీద స్టూడియో మొత్తం వెలుగుతూ కనిపించింది. బెంచీ, పరదా, గోడకు పెట్టిన పెళ్లి ఫోటోలు. ఒక్క క్షణం ఆమెకు ఊపిరి ఆగింది. ఆ తర్వాత పిచ్చయ్య కుడిచెయ్యి ఎత్తాడు, అద్దంలో ఎడమచెయ్యి లేచింది.

"ఇది ఉల్టా చూపిస్తున్నది. చెడిపోయింది."

"అది గట్లనే చూపిస్తది. ఫోటోల సక్కగనే వస్తది."

"ఇప్పుడు గట్లనే అంటవ్. రేపు ఫోటోల గూడ ఉల్టా వస్తే?"

పిచ్చయ్య కాసేపు ఆమెను చూశాడు. నలభై ఏళ్లుగా మొహాలు చూసి బతికిన మనిషి. "ఒక పని చెయ్యి. సగం పైసలు ఇక్కడ పెట్టి కెమెరా తీసుకపో. నేనే రీలెక్కించి ఇస్త, పన్నెండు ఫోటోలు. నీ ఊరి పొంటి తిరిగి నీకిష్టమొచ్చినోళ్లను తియ్యి. తెచ్చినంక కడిగి చూపిస్త. నచ్చకుంటే నీ పైసలు నీకు. సరేనా?"

సరేనన్నది నోరు. లోపల మాత్రం లెక్కలు మొదలయ్యాయి. ఇంత మంచి బేరం ఎవరిస్తారు? ఎందుకిస్తారు? సగం డబ్బుకు స్టూడియో పేరున్న కాగితం మీద రసీదు రాయించి మూడుసార్లు చదివింది. పిచ్చయ్య కెమెరా పట్టుకుని నల్ల పరదా వెనక్కి వెళ్లాడు. రీలు ఎక్కించడానికి పరదా ఎందుకు? ఇవతల ఎక్కిస్తే ఏం పోయింది? తిరిగొచ్చి ఏ మీట ఎటు తిప్పాలో, వెలుతురును బట్టి ఏ అంకె పెట్టాలో ఓపికగా చెప్పాడు. చివరికి, "ఏమన్న చెయ్యి గని, వెనక తలుపు మాత్రం తెరవకు" అన్నాడు.

భద్రాచలం నుంచి దుమ్ముగూడెం దాకా బస్సులో కెమెరాను ఒళ్లో పెట్టుకుని ఆ ఒక్క మాటే నమిలింది. తెరవద్దన్నాడంటే లోపల ఏదో ఉంది. లేదంటే ఏమీ లేదు.

ఇంకో అనుమానం కూడా వచ్చింది. కెమెరా పనికిరానిదైనా, పిచ్చయ్య తన స్టూడియోలోని పాత ఫోటోలు పన్నెండు చేతిలో పెట్టి "ఇవే నువ్వు తీసినవి" అంటే? అడవి మనుషుల మొహాలు పట్నపోడికి ఒకటిగానే కనిపిస్తాయని వాడి ధీమా కావచ్చు. దీనికి మందు ఆమె డబ్బాలోనే ఉంది. పసుపురంగు పాపిలిన్ ముక్క ఒకటి తీసి, ఫోటో తీసే ప్రతి మనిషి భుజం మీదా గుండుసూదితో గుచ్చింది. గుడ్డ మార్చిందన్న మాట రాకుండా దర్జీ పడే జాగ్రత్త, మనుషులు మారకుండా పడింది.

మొదటి ఫోటో చిన్నక్కది, మిషను ముందు. రెండోది సవరయ్యది. భుజం మీద పసుపు ముక్కతో డిపో ముందు నిలబడి, "గిదేందే, నన్ను వేలంపాటకు పెడుతున్నవా" అన్నాడు. అయినా పీకెయ్యలేదు. మూడు, నాలుగు, అయిదు ఊళ్లోనే అయిపోయాయి. ఒక్కో ఫోటోకు మీట నొక్కగానే చిన్న శబ్దం, అంతే. బయటికి ఏమీ రాదు. కుట్టు పనిలో అట్లా కాదు. సూది దిగితే కుట్టు కనిపిస్తుంది, తప్పు పోతే వెంటనే తెలుస్తుంది. ఇక్కడ నొక్కడమే, నమ్మడమే. నమ్మడం అంతోనమ్మకు అలవాటు లేని పని.

ఆరోది, ఏడోది తండాలో. ఏడోదానికి రూప్లి బిడ్డను చంకనెత్తుకుని, ఇంకో చేత్తో పైట సర్దుకుని ఇంటి ముందు నిలబడింది. ఈసారి మొహం తిప్పడానికి పరాయి మగాడు లేడు, హాయిగా నవ్వింది. శబ్దమయ్యాక అడిగింది. "అయిందా అక్కా? లోపలికి వచ్చినమా?"

"వచ్చినరు."

"నువ్వు చూసినవా?"

అంతే. ఇరవై ఎనిమిదేళ్లుగా నిద్రపోతున్న, తెరిచి చూడాలన్న పురుగు ఒక్కసారి మసిలింది. అంతోనమ్మ పక్కకు తప్పుకుంది. గుడిసె వెనక మేకల కొట్టం నీడకు వెళ్లి, అటూ ఇటూ చూసి, కెమెరా వెనక తలుపు గొళ్లెం తీసింది.

లోపల ఎర్ర కాగితం.

ఇక్కడ చుట్ట, అక్కడ చుట్ట, మధ్యలో పరిచిన కాగితం. రీలు లేదు, ఏమీ లేదు. అదే ఎర్ర కాగితం. మళ్లీ అదే మోసం, అదీ తనకే! తలుపు టక్కున మూసింది. మిగతా అయిదు ఫోటోలు తీయనే లేదు. కాగితం మీద ఎవరు ఫోటోలు తీస్తారు?

మర్నాడు పొద్దున మొదటి బస్సుకు భద్రాచలం చేరింది. స్టూడియోలో కొత్తగా పెళ్లయిన జంట బెంచీ మీద కూర్చుని ఉంది. అంతోనమ్మ కెమెరాను కౌంటరు మీద దించి, రసీదు తీసి దాని పక్కన పెట్టింది. గొంతు మాత్రం దించలేదు.

"నా పైసలు నాకియ్యి పిచ్చయ్యన్నా. దీంట్ల రీలే లేదు. ఎర్ర కాగితం చుట్టి ఇచ్చినవ్. ఊరు తెలియని ఆడమనిషి, ఏం తెలుస్తదిలే అనుకున్నవా? నేను చూసిన!"

పెళ్లికొడుకు పెళ్లికూతురి వైపు, పెళ్లికూతురు గోడ వైపు చూశారు. పిచ్చయ్యకు కోపం వస్తుందని అంతోనమ్మ ఎదురుచూసింది. కోపం వస్తే మోసం ఖాయమని ఆమె నమ్మకం. పిచ్చయ్య కళ్లద్దాలు తీసి కౌంటరు మీద పెట్టి, మెల్లగా అడిగాడు.

"ఎప్పుడు చూసినవ్ చెల్లె? ఎట్ల చూసినవ్?"

ఆ ప్రశ్న ఎక్కడో విన్నట్టుంది. ఎక్కడో గుర్తు రాలేదు.

"ఎప్పుడైతేంది?"

"వెనక తలుపు తెరిచినవా?"

"నేనెందుకు తెరుస్త? తెరవద్దన్నవ్ గద."

"తెరవకుండ లోపల ఎర్ర కాగితమున్నదని ఎట్ల తెలిసింది మరి?"

పెళ్లికూతురు పైట అడ్డం పెట్టుకుని నవ్వింది. ఊళ్లో అందరి అబద్ధాలూ పట్టుకునే అంతోనమ్మ తేలు కుట్టిన దొంగలా నిలబడింది. పాపం, అబద్ధం చెప్పడం అలవాటు లేదు. ఉండి ఉంటే ఇంకొంచెం నీటుగా చెప్పేది.

పిచ్చయ్య రెట్టించలేదు. అలమర తెరిచి కొత్త రీలు పెట్టె ఒకటి తీశాడు. చింపాడు. మెరిసే కాగితం ఊడదీశాడు. లోపల ఎర్ర చుట్ట. దాని అతుకు తెంపి, పట్టపగలు, అందరి ముందూ, కౌంటరు మీద పొడుగునా పరిచాడు. ఒక మూర ఎర్ర కాగితం వచ్చింది. ఆ తర్వాత కాగితం కింద నుంచి ఇంకోటి బయటపడింది. బూడిదరంగుది, నున్నగా, పలుచగా, జిగురుపట్టీతో కాగితానికి అంటించి ఉంది.

"గిది రీలు. కాగితం దీనికి దుప్పటి. వెలుతురు తగలకుండ కప్పుతది. వెనక తలుపు తీస్తే దుప్పటే కనపడతది, లోపల పండుకున్నది కనపడది. కొసల పొంటి వెలుతురు దూరితే మటుకు రీలు నల్లబారుతది. చుట్ట గిట్ల వదులు చేసినవనుకో, ఇగ అందుల ఉన్నోళ్లంత పోయినట్టే. చూడు, ముట్టుకొని చూడు. ఇప్పుడిది ఎట్లనూ ఖరాబైంది."

అంతోనమ్మ ముట్టుకుంది. ఒక వేలి కింద ఎర్ర కాగితం, ఇంకో వేలి కింద రీలు. రెండూ కలిసే ఉన్నాయి. ఎప్పుడూ కలిసే ఉంటాయి.

అప్పుడు గుర్తొచ్చింది ఆ ప్రశ్న ఎక్కడ విన్నదో.

ఎప్పుడు చూశావమ్మా? ఎలా చూశావు? బెదిరింపు కాదు అది. ఆ మనిషికి ఆ క్షణంలో అర్థమైంది, తన రీలు ఎలా పాడైందో. ఇంకో మాట చెప్పనిస్తే చెప్పేవాడు. చెప్పనివ్వలేదు. పందిట్లో మంచం, మధ్యాహ్నపు ఎండ, చేతుల్లో చుట్ట. వదులు చేసి చూసింది తను. ఆ చుట్టలో తల మీద చెయ్యి ఆనించి, ఊపిరి బిగబట్టి అమ్మ ఉంది. దొంగ ఎవరో ఊరికి చెప్పింది కూడా తనే. ఒక మనిషి బతుకుతెరువును గుంజుకుని కోడిపెట్టకు ఇచ్చారు. ఆ కథను ఇరవై ఎనిమిదేళ్లు గొప్పగా చెప్పుకుంది.

బెంచీ మీద పెళ్లిజంట జరిగి చోటిచ్చింది. అంతోనమ్మ కూర్చుంది. పిచ్చయ్య కెమెరా తీసుకుని పరదా వెనక్కి వెళ్లాడు. ఈసారి పరదా ఎందుకని ఆమె అనుకోలేదు. ఎంతసేపు గడిచిందో తెలియలేదు. జంట ఫోటో పిచ్చయ్య కొడుకు తీశాడు, వాళ్లు వెళ్లిపోయారు. సిగ్గుతో ఆమె చెవులు మండుతూనే ఉన్నాయి. సిగ్గు ఒక్కటే అయితే తట్టుకునేది. అమ్మ మీద బెంగ ఇన్నేళ్ల తర్వాత కొత్తగా, నిన్ననే పోయినట్టుగా వచ్చింది.

పిచ్చయ్య తడి రీలును క్లిప్పుకు తగిలించి బయటికి తెచ్చాడు. కిటికీ వెలుతురుకు పట్టి చూపించాడు.

"ఏడోది పోయింది. అయిదు, ఆరు కొసల పొంటి కాలినయ్. మొదటి నాలుగు పదిలం, చుట్ట లోపల ఉన్నయి గనుక. నీ చెయ్యి కదలలె చెల్లె, సూదిపట్టిన చెయ్యి గద. మంచిగ తీసినవ్." దగ్గరగా పెట్టుకుని చూశాడు. "అందరి భుజం మీద గీ ముక్కేంది?"

"నువ్వు ఫోటోలు మారుస్తవని."

పిచ్చయ్య నవ్వాడు. కళ్లల్లో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. అంతోనమ్మ నవ్వలేదు.

"అన్నా, నేను తెరిచిన. అబద్ధమాడిన. ఇది రెండోసారి తెరుసుడు."

"లేదు, ఒక్కసారే తెరిచినట్టున్నది. రెండుసార్లయితే ఈ నాలుగు గూడ మిగిలేటివి గావు."

"మొదటిసారి ఇరవై ఎనిమిదేండ్ల కింద."

చెప్పింది. ఎన్నోసార్లు చెప్పిన కథే గానీ, ఈసారి గుడ్డను తిరగేసినట్టు లోపలి కుట్లన్నీ బయటికి వచ్చాయి. మంచం మీది కెమెరా, రేకు తలుపు, వదులు చేసిన చుట్ట, ఊరి ముందు తన కేక. పిచ్చయ్య కళ్లద్దాలు తుడుచుకుంటూ విన్నాడు. తుడవడం అయిపోయినా తుడుస్తూనే ఉన్నాడు. అతనూ ఒకప్పుడు సైకిలు మీద ఊళ్లు తిరిగినవాడే.

"ఒక్క కెమెరా ఉన్నోడు" అన్నాడు చివరికి. "అది పోతే ఏం చేసుంటడో. ఆయన పేరేంది?"

అంతోనమ్మ నోరు తెరిచింది. కథలో ఆ మనిషి ఎప్పుడూ దొంగే. 'దొంగోడు', 'అడ్డమైనోడు', 'బెజవాడోడు'.

"తెల్వది. ఎవ్వరం అడగలె."

మిగతా సగం డబ్బు కౌంటరు మీద పెట్టింది. చూపించడానికి చింపిన రీలుకు కూడా ఇవ్వబోతే పిచ్చయ్య తీసుకోలేదు. కొత్త రీలు ఎక్కించుకునే పని ఈసారి ఆమె చేతే, పరదా ఇవతలే, నీడలో చేయించాడు. రసీదు రాయబోతే ఆమె వద్దంది. అంతోనమ్మ వద్దన్న మొదటి రసీదు అదే.

ఆ క్రిస్మస్‌కు తల్లాడ పోయి, పుట్టింటి ఊళ్లో బతికున్న పెద్దల ముందు ఉన్నదున్నట్టు చెప్పింది. "గిప్పుడెందుకే ఆ ముచ్చట" అన్నారు కొందరు. "ఏమో, వాడు మోసగాడే అయ్యుంటడు" అన్నాడో ముసలాయన, ఇంకా వదలకుండా. అప్పటిదాకా తను ఎలా ఉండేదో అంతోనమ్మకు ఆయన మొహంలో కనిపించింది. లేచి వచ్చేసింది.

ఆ తర్వాత పన్నెండేళ్లు ఆ రెండు కళ్ల కెమెరా భుజాన వేసుకుని, కుంటుకుంటూ, అడవి పల్లెలన్నీ తిరిగింది. లోన్లకు, పట్టాలకు, హాస్టళ్లకు ఆ చుట్టుపక్కల ఆడవాళ్ల మొహాలన్నీ ఆమె తీసినవే. మనిషి పూర్తిగా మారిపోయిందంటే నేను నమ్మను, మీరూ నమ్మకండి. పాలల్లో వేలు ముంచడం చివరిదాకా మానలేదు. కానీ ఫోటో చేతికి ఇచ్చేదాకా ఎవరి దగ్గరా బయానా తీసుకోలేదు. "గిట్ల యాపారం చేస్తే రీలు ఖర్చు గూడ ఎల్లది చెల్లె" అని పిచ్చయ్య తిట్టేవాడు. వినేది కాదు.

ఆ కొత్త రీలుతో మొట్టమొదట వెళ్లింది తండాకే. నల్లబారి పోయింది రూప్లి ఫోటోనే కదా. రూప్లి మళ్లీ బిడ్డను చంకనెత్తుకుని, పైట సర్దుకుని నిలబడింది. మొన్నటి ఫోటో పోయిందని విన్నది, ఈసారి కాస్త అనుమానంగా చూసింది.

"లోపల రీలుందా అక్కా? ఒకసారి తెరిచి చూపియ్యవా?"

అంతోనమ్మకు కోపం రాలేదు. గొళ్లెం మీద అరచెయ్యి గట్టిగా ఆనించింది, ఒకప్పుడు తన తల మీద అమ్మ ఆనించినట్టు.

"తెరవను. తెరిస్తే నువ్వు పోతవ్. నా పేరు అంతోనమ్మ. సవరయ్య పెండ్లాన్ని, దుమ్ముగూడెం చర్చి వెనక ఇల్లు. ఫోటో రాకుంటే వచ్చి నా పేరు పెట్టి అడుగు. ముందు నా పేరు ఒకసారి చెప్పు, వింట."

"అంతోనమ్మ" అంది రూప్లి.

అప్పుడు మీట నొక్కింది.